గట్టు ఏటా అక్కడే తెగుతోందా? గరువు భూముల్లో మట్టి కోత: లక్షణం, కారణం, మరమ్మతు

ఇది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గరువు (మెరక నేల), మెట్ట, కొండవార భూములున్న రైతుల కోసం. గట్టు వేయడం, సాలు తోలడం, రాయి పేర్చడం చేతనైన పనులే కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. చేతనైన పనినే తప్పు చోట చేసి, మరుసటి ఏడు మళ్లీ అదే చోట తట్టలు మోయడం గురించే ఈ గొడవంతా.

అన్నిటికంటే ముందు ఒక పని చేయాలి. గండి పడ్డాక ఫోటో తీసి చూపించి "ఏం చేయమంటారు" అని అడుగుతారు. ఫోటోలో గండి ఉంటుంది గానీ నీరు ఎటునుంచి వచ్చిందో ఉండదు. గట్టి వాన కురుస్తుండగా పొలం పై అంచుకు వెళ్లి పావుగంట నిలబడి మూడు విషయాలు చూడండి: నీరు పొలంలోకి ఎక్కడ దిగుతోంది, ఎక్కడికి వచ్చేసరికి ఎర్రబడుతోంది, ఎక్కడ ఒక్క చోటుకి చేరుతోంది. ఖర్చు లేని పని, పదిమందిలో తొమ్మిదిమంది చేయని పని. ఉరుములు మెరుపులు ఉంటే మాత్రం వెళ్లొద్దు, తాటిచెట్టు కింద అసలే నిలబడొద్దు. వాన వెలిశాక అరగంటలోపు వెళ్లినా సగం సంగతి తెలుస్తుంది.

లక్షణం 1: పొలంలో రాళ్లు తేలుతున్నాయి, ఎరువు పెరుగుతున్నా దిగుబడి పెరగట్లేదు

ఎక్కడా గండి ఉండదు, కాలువ ఉండదు. అందుకే దీన్ని కోత అని ఎవరూ అనుకోరు. వాన నీరు పల్చటి పొరలా పారుతూ సన్నని మట్టిని ఎత్తుకుపోతుంది, ఎత్తలేని గులకరాయి మిగులుతుంది. రాళ్లు పైకి తేలలేదు, చుట్టూ ఉన్న మట్టి దిగిపోయింది. చేనులో వంగి చూస్తే చిన్న చిన్న గులకల కింద వేలెడు ఎత్తు మట్టి దిమ్మలు నిలబడి ఉంటాయి. గులక గొడుగులా అడ్డుపడిన చోట మట్టి మిగిలింది, పక్కది పోయింది. ఆ దిమ్మ ఎత్తే మీరు పోగొట్టుకున్న మట్టి మందం.

లెక్క కట్టుకోండి. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు మందం పోతే సుమారు 4 ఘనపు మీటర్లు, తూకంలో దాదాపు 6 టన్నులు. వంద ఘనపుటడుగుల ట్రాలీతో తోలితే ఒకటిన్నర ట్రాలీ. పైగా పోయేది సన్నమట్టి. ఎరువును, తేమను పట్టి ఉంచేది అదే.

కొలవాలంటే రెండడుగుల ఇనుప చువ్వ తీసుకుని 10 సెం.మీ. పైకి ఉండేలా దిగ్గొట్టండి. గట్టుకి దగ్గరగా వద్దు, వాలు నడుమ, నాగలి తగలని చోట. సంక్రాంతికి మళ్లీ కొలిస్తే తేడా తెలుస్తుంది. అంత ఓపిక లేకపోతే, వానలో పొలం చివర నుంచి పోయే నీరు గాజు సీసాలో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి, అడుగున ఏం దిగిందో కళ్లకు కనిపిస్తుంది.

కారణాలు ప్రధానంగా రెండు. మొదటిది నిలువు సాలు. ట్రాక్టరు తిప్పుకోడానికి వీలని పొడుగు వైపు తోలుతారు, ఆ పొడుగు వైపు వాలు వైపే అవుతుంది. ప్రతి సాలూ ఒక పిల్లకాలువ. ట్రాక్టరు అతను ఒప్పుకోడు, ఎకరానికి మలుపులు ఎక్కువవుతాయంటాడు. గంటకు నాలుగు డబ్బులు ఎక్కువిచ్చైనా అడ్డంగా తోలించండి. రెండోది, తొలకరికి నేల బోడిగా ఉండటం. మే నెల జల్లుల నుంచి గోగు, వేరుశనగ, చోడి (రాగి) కమ్ముకునేదాకా, అంటే జూలై నడిమి వరకు నేల మీద నీడ ఉండదు. చినుకు నేరుగా మట్టిని కొట్టేది అప్పుడే. రోహిణిలో పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లుకున్న పొలాల్లో తొలి వానకే తేడా తెలుస్తుంది. ఖరీఫ్ కోత అయ్యాక ఉలవలు వేయడం మన దగ్గర ఉన్న అలవాటే, దాన్ని మానకండి. గోగు లాంటి నిటారు పంటకి కింది వైపున వేరుశనగో అలసందో పట్టీగా వేస్తే పైనుంచి వచ్చే మట్టిలో చాలా భాగం అక్కడే ఆగుతుంది.

జీడి తోటల్లో పద్ధతి వేరు. ప్రతి చెట్టుకీ కింది వైపున, మొదలుకి 2 మీటర్ల దూరంలో అర్ధచంద్రాకారంలో గట్టు వేయాలి. పై వైపున చిన్న కందకం తీయాలి. కందకాలన్నీ ఒకే వరుసలో పెట్టకూడదు, కింది వరుస కందకం పై వరుసలోని రెండింటి సందుకు ఎదురుగా రావాలి.

లక్షణం 2: గట్టు ఏటా అదే చోట తెగుతోంది

చాలామంది చేసే మరమ్మతు తెగిన చోట ఇంకో అడుగు ఎత్తు పెంచడం. మరుసటి వానకి పక్క చోట తెగుతుంది, లేదా అక్కడే ఇంకా పెద్దగా తెగుతుంది, ఎందుకంటే వెనక నిలిచిన నీరు ఎక్కువైంది.

మన జిల్లాల్లో ఏడాది వాన 1000 మి.మీ. పైనే. తుపాను వస్తే అందులో పెద్ద భాగం రెండు మూడు రోజుల్లోనే పడుతుంది. రెండు కొసలూ మూసేసి నీటినంతా లోపలే ఇంకించే సమమట్టం గట్టు అనంతపురం లాంటి తక్కువ వాన చోట్లకి పనికొస్తుంది. ఇక్కడ గట్టుకి పొడవునా కొంచెం వాటం (నీరు పారే వాలు) ఉండాలి, చివర అలుగు (ఎక్కువైన నీరు పొర్లిపోయే చోటు) ఉండాలి. నీటిని ఆపడం కంటే నెమ్మదిగా నడిపించి ఓ మూలన దించడమే ఇక్కడ గట్టు చేయాల్సిన పని.

కొలతలు: ఎర్రనేలలో అడుగు వెడల్పు 1.65 మీటర్లు, పైన 45 సెం.మీ., ఎత్తు 60 సెం.మీ. కొత్త మట్టి దిగుతుంది కాబట్టి వేసేటప్పుడు 70 నుంచి 75 వరకు వేయండి. నూటికి 2 వాలున్న (వంద మీటర్లకి 2 మీటర్లు దిగే) పొలంలో గట్టుకీ గట్టుకీ 40 మీటర్లు, 3 ఉంటే 30 మీటర్లు. పొడవునా ప్రతి 10 మీటర్లకి 2 నుంచి 4 సెం.మీ. వాటం. అలుగు మట్టం నేల నుంచి 30 సెం.మీ. ఎత్తులో, గట్టు పైభాగం దానికంటే కనీసం ఇంకో 30 సెం.మీ. ఎత్తులో ఉండాలి. మీటరు వెడల్పు అలుగు మీద జానెడు లోతు నీరు పొర్లితే సెకనుకి దాదాపు 150 లీటర్లు పోతుంది, అది గట్టి వానలో ఐదెకరాల నుంచి పారే నీరు. అలుగు దిగువన పెద్ద రాళ్లు పరవకపోతే నీరు పడే చోట గుంట చేసి కింద నుంచి తినేస్తుంది.

వాటం కంటి అంచనాతో పెట్టొద్దు. 12 మీటర్ల సన్నని పారదర్శక గొట్టం, సెంటీమీటర్లు గీసిన రెండు కర్రలు చాలు. గొట్టంలో నీళ్లు నింపేటప్పుడు గాలి బుడగ ఒక్కటి మిగిలినా లెక్క తప్పుతుంది, వేలితో తట్టి మొత్తం బయటికి పంపండి. ఒక కర్ర ఇక్కడ, రెండోది 10 మీటర్ల అవతల. వాటం 3 సెం.మీ. కావాలంటే అవతలి కర్ర మీద నీటి మట్టం 3 సెం.మీ. ఎక్కువ చూపించాలి. చూపించకపోతే ఆ కర్రను పైకో కిందికో జరిపి, సరిపడిన చోట మేకు కొట్టి ముందుకు పోండి.

వాటం సరిగ్గా ఉండి కూడా ఒకే చోట తెగుతుంటే ఎలుక, ఎండ్రకాయ బొరియలు చూడండి. బొరియ మూతి మూస్తే సరిపోదు. చివరిదాకా తవ్వి, తడి బంకమట్టిని జానెడు జానెడు పొరలుగా దిమ్మిసతో (మట్టిని గట్టిపరిచే బరువైన పనిముట్టు) కొట్టాలి.

లక్షణం 3: గట్టు బాగుంది, అలుగు ఉంది, అయినా పొలం నడుమ కాలువ పడుతోంది

మోసం చేసేది ఇదే. లోపం పొలంలో ఉండదు, మనం వెతికేది పొలంలోనే. రాళ్లు పేరుస్తారు, సిమెంటు సంచుల్లో ఇసుక నింపి వేస్తారు, జేసీబీ తెచ్చి చదును చేయిస్తారు. ఒక్క తుపానుకి అంతా పోయి కాలువ ఇంకా లోతవుతుంది.

కారణం పొలం బయట, ఎగువన ఉంటుంది. నూటికి తొంభైసార్లు అది బండిదారే. మెంటాడ, గజపతినగరం వైపు కొండవార ఊళ్లు చూడండి, పాతపట్నం, మెళియాపుట్టి, మందస వైపు చూడండి. కొండ పాదం నుంచి ఊళ్లోకి దిగే పుంత ఏళ్ల తరబడి చక్రాల కింద నలిగి రెండు పక్కల పొలాల కంటే అడుగో రెండడుగులో కిందికి దిగి ఉంటుంది. చక్రం నొక్కిన నేలలో నీరు ఇంకదు. పైనున్న పొలాల అలుగులన్నీ దాంట్లోకే పడతాయి. ఎండాకాలంలో దారి, వానాకాలంలో గెడ్డ (వాగు). ఈ మధ్య వాటి మీద సిమెంటు రోడ్డు వేసి, నీరు పోవడానికి ఒక తూము పెడుతున్నారు. ఇంతకుముందు వంద మీటర్ల పొడవునా పల్చగా చెదిరిపోయే నీరంతా ఇప్పుడు ఆ ఒక్క తూములోంచి వస్తోంది.

ఆ నీరు పొలంలోకి ఎలా దిగుతుందంటే, మీరు ట్రాక్టరు దిగడానికి పై మూలన గట్టు కొట్టిన సందులోంచి. దుక్కి అయ్యాక దాన్ని ఎవరూ మూయరు. నీరు అక్కడ దిగి, తొలి యాభై అరవై మీటర్లు పల్చగా, ఏ గుర్తూ మిగల్చకుండా పారి, వాలు కాస్త పెరిగే చోట కోయడం మొదలెడుతుంది. కోత ఒక చోట, నీరు దిగింది ఇంకో చోట. అందుకే రెండింటికీ లంకె పెట్టరు. ఈ నీరు ఏడాదికి మూడు నాలుగు పెద్ద వానలకే వస్తుంది, మామూలు జల్లుకి వెళ్లి చూస్తే ఏమీ కనపడదు.

ఎండలో కూడా పట్టుకోవచ్చు. సందు దాటి లోపలికి రెండడుగులు వేయగానే విసనకర్రలా పరుచుకున్న సన్న ఇసుక ఉందా? గోగు మోళ్లకి గడ్డి, ఆకులు ఒకే వైపు చిక్కుకుని ఉన్నాయా? గట్టు మీది గరిక పొలం వైపు పడుకుని ఉందా? కాలువ పై కొస నిటారుగా గోడలా ఉండి, దాని కింద గుంట పడి ఉంటే నీరు పైనుంచి దూకుతోందని అర్థం. ఆ కొస ఏటా ఎగువకే జరుగుతుంది, అది ఎటు జరుగుతోందో ఆ దిక్కునే నీరు వస్తోంది.

ఎంత నీరో తెలిస్తే ఇసుక సంచులు ఎందుకు నిలవవో అర్థమవుతుంది. గంటకు 50 మి.మీ. వాన పడి, అందులో సగం పారితే ఎకరానికి సెకనుకి 28 లీటర్లు. పుంత ఐదెకరాల కొండవాలు నీరు మోసుకొస్తే సెకనుకి 140 లీటర్లు ఒకే సందులో దిగుతుంది. బోడి ఎర్ర ఇసుకనేల సెకనుకి 60 సెం.మీ. వేగం వరకే తట్టుకుంటుంది. వేగం రెట్టింపైతే కోసే బలం నాలుగింతలు.

మరమ్మతు పైనుంచి కిందికి, ఈ వరసలోనే చేయాలి. అందరూ నాలుగోది ముందు చేస్తారు.

1. సందు. వీలైతే ట్రాక్టరు దారిని పొలం కింది మూలకి మార్చేయండి. వీలు కాకపోతే సందులో 30 సెం.మీ. ఎత్తు, 3 మీటర్ల వెడల్పు ఉండే ఏటవాలు మెరక వేసి దిమ్మిస కొట్టండి. ట్రాక్టరు ఎక్కి దిగుతుంది, నీరు ఎక్కలేదు. సగం పొలాలకి ఈ ఒక్కటీ చాలు.

2. పుంత. దారికి అడ్డంగా, కొంచెం ఐమూలగా 15 నుంచి 20 సెం.మీ. ఎత్తు మట్టి, రాతి మెరకలు వేసి నీటిని దారి పక్కనున్న గడ్డిలోకి దించండి. దారి వాలు నూటికి 5 ఉంటే 20 నుంచి 30 మీటర్లకి ఒకటి. నేరుగా అడ్డంగా వేస్తే నీరు వెనకే నిలిచి దారి బురదవుతుంది, ఊరు ఊరుకోదు. తూము దిగువన దాని వెడల్పుకి మూడు నాలుగింతల పొడవున అడుగు సైజు రాళ్లు పరవాలి.

3. మళ్లింపు కాలువ. పొలం పై అంచు వెంట, అడుగున 60 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. లోతు, పక్కలు ఎంత లోతో అంత వాలు. వాటం 10 మీటర్లకి 3 సెం.మీ. ఈ కొలతకి వేగం అదుపులో ఉంటుంది, ఐదెకరాల కొండవాలు నీటిని గట్టి వానకి కూడా మోస్తుంది. వాటం ఎక్కువిస్తే నీరు తొందరగా పోతుందని 10 మీటర్లకి 10 సెం.మీ. ఇచ్చినవాళ్లకి ఆ కాలువే కొత్త గెడ్డ అయింది. తవ్విన మట్టి కింది వైపే, అంచు నుంచి అడుగు వదిలి పోయాలి. మీద గరిక దుబ్బులో వట్టివేరు పిలకలో జానెడు దూరంలో నాటాలి, తొలకరి పడిన వారంలో నాటితే నీళ్లు పోయక్కర్లేదు. కాలువ చివర గడ్డి ఉన్న చోటికో, రాతి నేలకో, ఉన్న గెడ్డలోకో దిగాలి. గెడ్డ ఒడ్డున మొగలి పొదలుంటే నరకకండి, ఆ ఒడ్డుని పట్టి ఉంచేది అవే. కింది రైతుతో మాట్లాడకుండా ఆయన పొలంలోకి దించితే మట్టి కంటే ముందు మాట తెగుతుంది.

4. కాలువలో రాతి అడ్డుకట్టలు. పై నీరు మళ్లాకే ఇవి నిలుస్తాయి. పై కొస దగ్గర నిటారు గోడని వాలుగా చెక్కి, గడ్డీ రాయీ పరిచి, అక్కడి నుంచి కిందికి పనిచేసుకుంటూ రండి. పునాది 30 సెం.మీ. లోతు, రెండు ఒడ్లలోకి అర మీటరు చొప్పున దూర్చాలి, ఎత్తు మీటరు దాటొద్దు. నడిమి భాగం ఒడ్ల వైపు కంటే 30 సెం.మీ. తక్కువ ఉండాలి. ఇది మరిచిపోయి పైన చదునుగా పేరిస్తే నీరు అంచుల నుంచి తిరిగి ఒడ్డు కోసుకుని పోతుంది, కట్ట నడుమ బొమ్మలా నిలబడి ఉంటుంది. కింది కట్ట తల, పై కట్ట పాదం ఒకే మట్టంలో వచ్చేలా దూరం పెట్టుకోండి. ప్లాస్టిక్ సంచులు ఎండకి ఒకటి రెండేళ్లలో పొడైపోతాయి, రాయి దొరికే జిల్లాలో వాటితో పనేంటి?

ఈ పనులు మే నెలలో మేలు, నేల ఎండి గట్టిగా ఉన్నా సరే. జూలైలో తడి మట్టితో వేసిన గట్టు ఆగస్టులో జారుతుంది. ఉపాధి పనుల్లో కందకాలు, రాతి కట్టలు పెట్టించుకోవాలంటే అంతకంటే ముందే, వేసవి పనుల జాబితా రాసేటప్పుడే అడగాలి.

లక్షణం 4: చిన్న వానకే నీరు పారిపోతోంది, ఎండగానే పైన పెచ్చు కడుతోంది

రోటవేటరు. ఏటా అదే లోతున తిప్పితే పైన పిండి, కింద పలక. పిండి తొలి చినుకుకే పెచ్చు కడుతుంది, పలక నీటిని దిగనివ్వదు. నేల కాస్త తడిగా ఉన్నప్పుడు ఇనుప చువ్వ చేత్తో దించి చూడండి, జానెడు లోపే గట్టిగా తగిలి, ఆ కిందకి మళ్లీ సులువుగా దిగితే అదే పలక. గోగు మొక్కని పీకి చూసినా తల్లివేరు పక్కకి తిరిగి ఉంటుంది. మూడేళ్లకోసారి వేసవిలో, నేల పొడిగా ఉన్నప్పుడు, వాలుకి అడ్డంగా లోతు దుక్కి వేయించండి. పశువుల ఎరువు వేయండి. రోటవేటరు మరీ అవసరమైతే ఒక్కసారే.

లక్షణం 5: ఉద్దానంలో వేర్లు బయటపడుతున్నాయి, మొలకల ఆకులు చిల్లులు పడుతున్నాయి

కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు తీరం ఇసుకనేలల్లో ఇది గాలి పని. గాలికి ఇసుక ఎగిరి వెళ్లిపోతుందనుకుంటారు గానీ, ఎక్కువ భాగం గంతులేస్తూ నేలకి అడుగు ఎత్తు లోపే పోతుంది. అందుకే వేరుశనగ మొలకల కింది ఆకులే చిరుగుతాయి, అందుకే మీటరు ఎత్తు దడి కూడా పనిచేస్తుంది.

ముందు చూడాల్సింది జీడి చెట్ల కింద. పిక్కలు ఏరుకోడానికి వీలుగా ఉంటుందని మాఘం, ఫాల్గుణంలో ఆకు మొత్తం ఊడ్చి తగలబెడతారు. వేసవి అంతా బోడి ఇసుక గాలికి వదిలేసినట్టే. ఆకుని చెట్ల వరసల నడుమ కుప్పలుగా పోసి, పిక్కలు అయిపోగానే మళ్లీ పరచండి.

రెండోది సరుగుడు వరసలో సందు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పడగొట్టినవి కొన్ని, ధర వచ్చిందని ఒకేసారి కొట్టేసినవి కొన్ని. సందులో గాలి ఇరుకై వేగం పెంచుకుంటుంది, అసలు వరస లేనిదానికంటే ఆ సందుకి ఎదురుగా ఉన్న చోటే ఎక్కువ కోత పడుతుంది. సరుగుడు మూడు వరసలుగా, ఎదురెదురు కాకుండా నాటి, ఏటా ఒక వరస చొప్పున కొట్టుకోండి. అది ఎదిగేదాకా కొబ్బరి మట్టల దడి. సందులు సగం సగం ఉండేలా కట్టాలి, గోడలా కట్టకూడదు. గాలి పూర్తిగా ఆగితే పైనుంచి ఎగిరి అవతల సుడి తిరిగి అక్కడే తవ్వుతుంది. మీటరు దడి సుమారు 10 నుంచి 15 మీటర్ల వరకు కాపాడుతుంది, ఆ దూరానికి ఇంకోటి కట్టాలి. దడి ఏ దిక్కుకి అడ్డంగా కట్టాలో చెట్టు మొదలు వెనక ఇసుక పేరుకున్న తోక చెబుతుంది. ఒడ్డున బాలబంది తీగ, రావణాసురుడి మీసాల గడ్డి ఉంటే కలుపనుకుని పీకొద్దు.

లక్షణం 6: వరద తగ్గాక పొలంలో ఇసుక మేట

వంశధార, నాగావళి పక్క పల్లపు పొలాల సంగతి ఇది. మేట జానెడు లోపు ఉంటే లోతు దుక్కితో కలిపేసి, చెరువు మట్టి తోలి వేరుశనగో పుచ్చో వేసుకోవచ్చు. అంతకు మించితే తీయించక తప్పదు, బయటికి తరలించే ముందు గ్రామ సచివాలయంలో అడిగి కాగితం చేతిలో పెట్టుకోండి. నది ఒడ్డు విరిగిపడటం మాత్రం ఒక రైతు ఆపగలిగేది కాదు, పొలం ఫోటోలు, సర్వే నంబర్లతో నీటిపారుదల వాళ్లకి అర్జీ పెట్టండి.

ఇక చెదలు గట్టుని తినేశాయని, నేలలో సోడా ఎక్కువై మట్టి కరిగిపోతోందని, భూకంపానికి పగుళ్లిచ్చిందని వచ్చేవాళ్లు ఉంటారు. గరివిడి చుట్టుపక్కల గని దిబ్బల కింద పొలాలకి దిబ్బ నుంచి కొట్టుకొచ్చే రాతిపొడి నిజమైన సమస్యే, దానికీ మందు పైన చెప్పిన మళ్లింపు కాలువే. మిగతావి అరుదు. చవుడు (సోడా ఎక్కువైన నేల) అనుమానం ఉంటే పొలం మట్టి గడ్డ ఒకటి గ్లాసు వాననీటిలో వేసి కదపకుండా వదిలేయండి. గంటలో నీళ్లు పాలలా మారితే మట్టి పరీక్షకి పంపండి. మారకపోతే ట్రాక్టరు దిగే సందు మూశారో లేదో చూడండి.